కుడుచు: ఒక పాత క్రియాపదం కథ

వార్షికోత్సవ సంచికకు తెలుగు భాష మీద ఒక వ్యాసం కావాలని మన హాస్టల్ పిల్లలు అడిగారు. "సంధులు, సమాసాలు వద్దు సార్, అవి పరీక్షలకు ఎట్లాగూ చదవతాం" అని ముందే ఒక షరతు కూడా పెట్టారు. సరే, సంధులు వదిలేద్దాం. ఒకే ఒక్క క్రియాపదాన్ని తీసుకుని అది ఎక్కడ పుట్టింది, ఎక్కడెక్కడ తిరిగింది, ఇప్పుడు ఎక్కడ తలదాచుకుంది అనేది చూద్దాం. ఆ పదం "కుడుచు".

బోగోలు మండలంలో పాడి ఉన్న ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు ఈ మాట కొత్తది కాదు. తలుగు తెంపుకున్న దూడ తల్లి దగ్గరికి పరిగెత్తి పాలన్నీ తాగేస్తే, చెంబు పట్టుకుని వచ్చిన అమ్మ ఏమంటుంది? "అయ్యో, దూడ కుడుసుకునిందిరా" అంటుంది. పుస్తకంలో "కుడుచుకొన్నది" అని ఉండేదే మన నోట "కుడుసుకునింది" అయింది. పాలు పిండేముందు దూడను కాసేపు వదులుతారు. అది నాలుగు గుక్కలు కుడిస్తే ఆవు చేపుతుంది. అప్పుడు దూడను లాగి ఆవు ముందుకాళ్ళ దగ్గర కట్టేసి పాలు పిండుతారు. చివరికి ఒక చన్ను దూడకు వదిలేసి, "ఇంక కుడవనీ" అంటారు. ఇట్లా పొద్దునా సాయంత్రం పశువుల కొట్టంలో వినిపించే మాట ఇది. కావలి లాంటి పట్నంలో పెరిగిన పిల్లలు మాత్రం ఈ మాట విని ఉండరు. వాళ్ళకు దూడ కూడా పాలు "తాగుతుంది", అంతే.

నిఘంటువు తెరిచి చూస్తే ఈ మాటకు దూడ ఒక్కటే దిక్కు కాదని తెలుస్తుంది. సి.పి. బ్రౌన్ దొర 1852లో అచ్చువేసిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులోనూ, బహుజనపల్లి సీతారామాచార్యులు గారి శబ్దరత్నాకరం (1885)లోనూ "కుడుచు" ఉంది. దానికి తినడం, తాగడం, చన్ను చీకడం, అనుభవించడం అనే అర్థాలు ఉన్నాయి. పాత కావ్యాలలో రాజులు కుడుస్తారు, మునులు కుడుస్తారు, తల్లి ఒడిలో పసిబిడ్డలూ కుడుస్తారు. మన నెల్లూరు తిక్కన గారి కాలానికి, అంటే 13వ శతాబ్దానికి, ఇది పదిమందిలో అనడానికి సిగ్గుపడే మాట కాదు. విస్తరి ముందు కూర్చున్నవాడు చేసే పని పేరే కుడుచుట.

ఇక్కడ ఒక చిన్న వ్యాకరణ విషయం చెప్పాలి. సంధులు వద్దన్నారు గానీ ఇది సంధి కాదు! నడుచు – నడుపు, నిలుచు – నిలుపు, గడుచు – గడుపు. ఈ జంటలను గట్టిగా పైకి చదవండి. మనిషి తానే నడిస్తే నడుచు, మరొకదాన్ని నడిపిస్తే నడుపు. కాలం తానే గడిస్తే గడుచు, మనం గడిపితే గడుపు. అదే వరుసలో కుడుచు – కుడుపు. బిడ్డ కుడుస్తుంది, తల్లి కుడుపుతుంది. "ప్రేరణార్థకం" అని పాఠ్యపుస్తకంలో ఒక పేజీ నిండా చెప్పిన సంగతి ఈ నాలుగు జంటల్లో ఇమిడి ఉంది. బస్సు నడిపే డ్రైవరు అన్న, బిడ్డకు పాలు కుడిపే అక్క ఒకే సూత్రం వాడుతున్నారు.

ఇంక మాట పుట్టుక సంగతి. బిట్రగుంటలో రైలెక్కి దక్షిణంగా పోతే కొన్ని గంటలలో చెన్నైలో దిగుతాం. అక్కడ ఎవరినైనా మంచినీళ్ళు అడిగితే చెంబు చేతికిచ్చి "కుడి" అంటారు. తాగు అని అర్థం. పశ్చిమంగా కర్ణాటకకు పోయి పాలు అడిగినా "కుడి" అనే అంటారు. మలయాళంలోనూ తాగడానికి ఈ మాటే. టి. బరో, ఎం.బి. ఎమెనో అనే ఇద్దరు పండితులు ద్రావిడ భాషల పదాలన్నిటినీ పోల్చి ఒక నిఘంటువు తయారుచేశారు. అది మొదట 1961లోనూ, పెంచి దిద్దిన ముద్రణ 1984లోనూ వెలువడింది. అందులో తమిళ, మలయాళ, కన్నడ "కుడి"ల పక్కనే మన "కుడుచు" నిలబడి ఉంది. అంటే ఇవన్నీ ఒక తల్లి బిడ్డలు. ఆ తల్లిమాట ఏ భాషకూ లిపి పుట్టక ముందటిది.

అయితే అక్కచెల్లెళ్ళందరి బతుకూ ఒక తీరుగా సాగలేదు. తమిళంలో "కుడి" తాగడం అనే పనిలో స్థిరపడింది, పోను పోను సారా తాగడానికి కూడా అదే మాట అయింది. అక్కడ కుడికారన్ అంటే తాగుబోతు. కన్నడంలో కుడుక అన్నా తాగుబోతే. (మన దగ్గర తల్లి ఒడిలో మిగిలిన మాట, పక్క రాష్ట్రంలో సారా అంగడి దాకా పోయింది. మాటల రాత అంతే.) తెలుగులో మాత్రం ఇది తాగడం నుంచి తినడానికి కూడా పాకింది. ఎందుకు పాకింది? నా ఆలోచన ఇది. అంబలి, గంజి, జావ వంటి వాటిని తింటాం అనాలా, తాగుతాం అనాలా? చల్ల పోసి పిసికిన సంగటిని ఏమనాలి? మన పూర్వుల తిండిలో ఎక్కువ భాగం ఇట్లా ఈ రెంటికీ నడుమ ఉండేది. అటువంటి తిండికి సరిగ్గా సరిపోయే క్రియ కుడుచు. గంజి కుడిచినవాడు అన్నాన్ని కూడా కుడిచాడనడానికి పెద్ద దూరం లేదు.

ఇప్పుడు ప్రతి ఒక్కరూ మీ కుడిచేతిని ఒకసారి చూసుకోండి. దానికి "కుడి" అనే పేరు ఎందుకు వచ్చింది? కుడిచే చేయి గనుక కుడి చేయి. ఈ వివరణను నేను నమ్మడానికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, పక్క భాషలలో ఈ పేరు లేదు. తమిళంలో కుడివైపును "వలం" అంటారు. కన్నడంలో "బల" అంటారు. తమిళ వకారం కన్నడంలో బకారం అవుతుంది. చెట్టు వేరును మనమూ తమిళులూ వకారంతో పలికితే కన్నడిగులు "బేరు" అంటారు, అట్లాగే ఇదీ. కనుక వల, బల రెండూ ఒకటే మాట, చాలా పాతది. మరి ఆ మాట తెలుగులో లేదా? ఉంది! కాడికి కట్టిన ఎద్దులలో ఎడమవైపుది దాపటెద్దు, కుడివైపుది వలపటెద్దు. కొందరి నోట వెలపటెద్దు. ఆ "వలపట"లో ఉన్నది ఈ "వల"యే. అంటే తెలుగువాళ్ళకు కూడా ఒకప్పుడు కుడివైపుకు పేరు "వల". తరువాత మనుషుల చేతికి "కుడి" అనే కొత్త పేరు వచ్చి, పాత పేరు ఎద్దుల మెడ మీద కాడి దగ్గర మిగిలిపోయింది.

రెండో కారణం తమిళంలోనే ఉంది. పుస్తకాలలో "వలదు కై" అని రాసినా, ఇళ్ళలో చిన్నపిల్లలకు కుడిచేయి ఏదో నేర్పేటప్పుడు "సోత్తాంగై" అంటారు. సోరు అంటే అన్నం, కై అంటే చేయి. అన్నపు చేయి! మనవాళ్ళకు తట్టిన ఊహే వాళ్ళకూ తట్టింది. ఎడమచేత్తో అన్నం తినబోయిన పిల్లవాడి చేతి మీద ఒక్కటేసే అలవాటు రెండు చోట్లా ఉంది కదా, ఊహ కూడా ఒకటే అయింది.

ఇట్లా చూస్తే చచ్చిపోయిందనుకున్న క్రియ రోజుకు ఎన్నిసార్లు మన నోట పలుకుతోందో లెక్కపెట్టలేం. డ్రిల్లు మాస్టారు "కుడివైపు తిరుగు" అన్నప్పుడు, డాక్టరు గారు కుడికంటిలో మందు వేసుకోమన్నప్పుడు పలికేది అదే. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, తవుడు కలిపి పశువులకు పెట్టేది కుడితి. కుడిచేది గనుక కుడితి. కుడితి తొట్టి లేని పాడి ఇల్లు ఉండేది కాదు. ఆ తొట్టి నుంచే "కుడితిలో పడ్డ ఎలుక" అనే సామెత వచ్చింది. పైకి రాలేక, లోపల ఉండలేక కొట్టుకునేవాణ్ణి అట్లా అంటాం. లెక్కల పరీక్ష ముందురోజు మన హాస్టల్లో అటువంటి ఎలుకలు చాలా కనిపిస్తాయి.

ఇంకొకటి ఉంది. ఒకరు అన్యాయం చేసినప్పుడు ముసలమ్మలు "ఆ పాపం ఊరికే పోదు, కట్టి కుడుపుతాది" అంటారు. కుడుపు అంటే తాగించు, తినిపించు అని ఇప్పుడు మీకు తెలుసు కాబట్టి ఆ మాట లోపలి బొమ్మ చూడండి. మందు తాగనని తల విదిలించే పశువును గుంజకు కట్టేసి గొట్టంతో పోస్తారే, అదీ కట్టి కుడపడం. పాపం కూడా మనిషిని అట్లా కట్టేసి, వద్దన్నా ఫలితాన్ని మింగిస్తుందని ఆ మాటలో నాకు కనిపించే అర్థం. నిఘంటువులో "అనుభవించు" అనే అర్థం చెప్పారని పైన అన్నాను కదా, దానికి ప్రాణమున్న సాక్ష్యం ఈ మాటే.

ఇన్ని చుట్టరికాలు కలుపుతున్నప్పుడు ఒక జాగ్రత్త కూడా కావాలి. "కుడుచు నుంచే కూడు వచ్చిందా సార్?" అని ఎవరైనా అడగవచ్చు. చూడ్డానికి అట్లాగే ఉంటుంది, రెండూ తిండి మాటలే. కానీ కాదు. కూడుకు తమిళంలో చుట్టం "కూళ్", అంటే చిక్కటి అంబలి. ఇందులోని ళ మామూలు ళ కాదు, నాలుకను బాగా వెనక్కి మడిచి పలికేది. ఆ ధ్వనికి మన పాత తెలుగు శాసనాలలో వేరే అక్షరమే ఉండేది. తరువాత అది చాలా మాటల్లో డకారంగా మారిపోయింది. తమిళుల "ఏళు" మన ఏడు, వాళ్ళ "కోళి" మన కోడి, వాళ్ళ "కూళ్" మన కూడు. కుడి విషయంలో అట్లా కాదు. తమిళంలోనూ డకారమే, మన దగ్గరా డకారమే. అందుచేత ఈ రెండూ వేర్వేరు ఇళ్ళ పిల్లలు. మాటలు ఒకలా వినిపించినంత మాత్రాన అన్నదమ్ములు కారు, ధ్వనులు నియమం ప్రకారం కలవాలి. భాషాశాస్త్రంలో మొదటి పాఠం ఇదే.

మరి ఇంత ఇల్లూ వాకిలీ ఉన్న క్రియ ఎందుకు వెనక్కి పోయింది? ఎవరో తరిమితే పోలేదు. దాని పనులను ఒక్కొక్కటిగా ఇతరులు తీసుకున్నారు. గట్టి పదార్థానికి "తిను" వచ్చింది. నీళ్ళకు, పాలకు "త్రాగు" వచ్చింది. గౌరవంగా చెప్పాలంటే సంస్కృతం తోడుతో "భోజనం చేయు", దానితో పాటు "ఆరగించు" వచ్చాయి. మూడు పీటలూ నిండిపోయాక కుడుచుకు మిగిలింది చంటిబిడ్డ, లేగదూడ. తరువాత చంటిబిడ్డ కూడా పాలు "తాగడం" మొదలుపెట్టింది. చివరికి దూడ ఒక్కటే. పశువుల దగ్గర మిగిలిన మాట పశువుల మాట అనిపించుకుంది. మోటు మాట అనిపించుకుంది. కూడుకూ ఇదే గతి పట్టింది. "కూటి కోసం కోటి విద్యలు" అని గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఎవరినైనా "కూడు తిన్నావా" అంటే కొట్టడానికి వస్తారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా "మా ఊరు" అనే వ్యాసంలో "లేగదూడ పాలు కుడుస్తుండగా" అని రాశాను. అది మా అమ్మ మాట. అయ్యవారు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి పైన "త్రాగుచుండగా" అని రాసి, ఇటువంటి భాష వ్యాసంలో పనికిరాదని తరగతిలో అందరి ముందూ చదివి వినిపించారు. అందరూ నవ్వారు. ఆ బడి పేరు, ఆ అయ్యవారి పేరు ఇక్కడ అవసరం లేదు. తరువాత చాలా ఏళ్ళకు కళాశాల గ్రంథాలయంలో శబ్దరత్నాకరం తిరగేస్తుంటే కుడుచు కనబడింది. మహాకవులు వాడిన మాటనే మా అమ్మ వాడుతోందని అప్పుడు తెలిసింది. ఆమెకు అక్షరాలు రావు.

ఇటువంటి కథ ఇంగ్లీషులోనూ ఉంది. మీరు తెల్లవాళ్ళ భాష అంతా పుస్తకాల్లో ఉన్నట్టే ఉంటుందనుకుంటారు. కాదు. అక్కడా జిల్లాకో యాస. "సప్" అని ఒక పాత ఇంగ్లీషు క్రియ ఉంది. గుక్కలు గుక్కలుగా తాగడం, జావ లాంటిది చెంచాతో తినడం దాని అర్థం. మన కుడుచులాగే తిండికీ తాగుడికీ నడుమ నిలబడిన మాట. పుస్తకాల ఇంగ్లీషులో తాగడానికి "డ్రింక్", తినడానికి "ఈట్" నిలబడి, సప్ పాతబడిపోయింది. కానీ ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్ వంటి చోట్ల టీని, బీరును సప్ చేస్తారు. స్కాట్లండులో ఓట్ల జావను సప్ చేస్తారని చెబుతారు. "సూప్", "సప్పర్" అనే మాటలు కూడా ఈ బంధువర్గంలోనివే. హోటల్లో సూప్ అడిగే పెద్దమనిషి, ఆ పాత మాటకు తాను చుట్టాన్ని పిలుస్తున్నానని అనుకోడు.

ఇటువంటి పల్లె మాటలన్నిటినీ పోగుచేసి ఇంగ్లీషు మాండలిక నిఘంటువును 6 సంపుటాలుగా 1898 నుంచి 1905 వరకు వెలువరించిన మనిషి జోసఫ్ రైట్. ఆయన గురించి మన హాస్టల్ పిల్లలు తెలుసుకుని తీరాలి. యార్క్‌షైర్‌లో 1855లో పేదింట్లో పుట్టాడు. ఆరేళ్ళకే రాళ్ళ గనిలో గాడిద బండి తోలాడు. ఏడేళ్ళకు సాల్టెయిర్ అనే ఊళ్ళో బట్టల మిల్లులో కండెలు మార్చే పనికి కుదిరాడు. పదిహేనేళ్ళ దాకా చదవడం, రాయడం రాదు. తోటి పనివాళ్ళు పత్రికలో వార్తలు చదువుతుంటే వినీ వినీ తానే చదవాలని పట్టుబట్టి నేర్చుకున్నాడు. రాత్రి బడికి పోయాడు. కూడబెట్టిన కూలి డబ్బుతో 1876లో జర్మనీలో చదవడానికి బయలుదేరి, ఆంట్‌వెర్ప్ నుంచి హైడెల్‌బర్గ్ దాకా కాలినడకన పోయాడు. అక్కడే 1885లో డాక్టరేటు తీసుకున్నాడు. చివరికి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో తులనాత్మక భాషాశాస్త్రానికి ప్రొఫెసరు అయ్యాడు.

అంతటివాడు తన ఊరి యాసను దాచుకోలేదు. 1892లో తన పల్లె విండ్‌హిల్ మాట్లాడే తీరుకు ఒక వ్యాకరణ గ్రంథమే రాశాడు. పెద్ద పెద్ద విద్వాంసులు పుస్తకాలు వెతికి పట్టుకోవలసిన మాటలు ఆయనకు చిన్నప్పటి నుంచీ నోట్లో ఉన్నాయి. మిల్లులోనూ గనిలోనూ గడిచిన బాల్యం ఆ నిఘంటువుకు పెట్టుబడి అయింది.

మన దగ్గరా ఆ పని జరగకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెచ్చింది. అది వ్యవసాయ పదాల సంపుటం. జిల్లాల వారీగా రైతుల దగ్గరికి పోయి, నాగలికి, కాడికి, కళ్ళానికి ఎవరు ఏమంటారో అడిగి రాసుకుని తయారుచేశారు. మేడ మీద కూర్చుని రాసిన పుస్తకం కాదు, పొలం గట్ల మీద రాసింది. పెద్ద గ్రంథాలయాల్లో దొరుకుతుంది, చూడండి.

కాని ఆనాటి నుంచి ఈనాటికి ఊళ్ళు మారిపోయాయి. ట్రాక్టరు వచ్చి కాడి అటక ఎక్కింది. కాడి పోతే దాపటెద్దూ వలపటెద్దూ పోయినట్టే, వాటితో "వల"కు తెలుగులో ఉన్న ఒక ఆధారం పోయినట్టే. చాలా ఇళ్ళలో పాలు ప్యాకెట్టులో వస్తున్నాయి. పెద్ద డైరీల్లో దూడను పుట్టగానే వేరుచేసి సీసాతోనో బకెట్టుతోనో పాలు పడుతున్నారు. ఆ దూడ తాగుతుందే గాని కుడవదు. పనిముట్టు పోతే పేరు పోయినట్టు, పని పోతే క్రియ పోతుంది.

ఈసారి సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయేటప్పుడు ప్రతి ఒక్కరూ ఒక నలభై పేజీల నోటుబుక్కు వెంట తీసుకుపోండి. పాడి ఉన్నవాళ్ళు పొద్దున్నే కొట్టం దగ్గర నిలబడి అమ్మో నాయనమ్మో దూడతో, ఆవుతో ఏమేం మాటలు అంటారో విని, వాళ్ళు పలికినది పలికినట్టే రాయండి. కుడుసు అంటే కుడుసు అనే రాయండి, కుడుచు అని దిద్దవద్దు. జువ్వలదిన్నె వైపు పిల్లలు వలకు, తెప్పకు, గాలికి, అలకు పెద్దవాళ్ళు ఏమేమి పేర్లు చెబుతారో అడగండి. కొండబిట్రగుంట వైపు వాళ్ళు ఎద్దులు తోలిన తాతలను పట్టుకుని, దాపట, వలపట కాక కాడి దగ్గర ఇంకా ఏ మాటలున్నాయో రాబట్టండి. ఊరి పేరు, చెప్పినవారి వయసు, తేదీ పక్కన వేయండి. తిరిగి వచ్చాక ఆ పుస్తకాలన్నీ నాకు ఇస్తే, అక్షరక్రమంలో పేర్చే పని నాది. వచ్చే ఏడాది సంచికలో నాలుగు పేజీలు దానికి ఉంచమని సంపాదకవర్గానికి ఇప్పుడే చెప్పి పెడుతున్నాను.